కలకత్తా వాద్యాలు, బ్రస్సెల్స్ పట్టిక

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, అక్కడి రాజసంగీత కళాశాలకు అనుబంధంగా 1877 ఫిబ్రవరి 1న ఏర్పడిన వాద్యాల మ్యూజియం ప్రధానంగా రెండు సేకరణలతో మొదలైంది. మొదటిది ఆ కళాశాల తొలి డైరెక్టరు, సంగీత చరిత్రకారుడు ఫ్రాన్సువా జోసెఫ్ ఫెతీస్ (1784–1871) జీవితమంతా కూడబెట్టినది; ఆయన పోయిన మరుసటి ఏడాది, 1872లో, బెల్జియం ప్రభుత్వం దాన్ని కొని కళాశాలలో భద్రపరచింది. రెండోది కలకత్తా నుంచి వచ్చింది. శౌరీంద్రమోహన్ ఠాకూర్ (1840–1914) అనే బెంగాలీ జమీందారు, సంగీత శాస్త్రకారుడు, 1876లో బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్‌కు కానుకగా పంపిన సుమారు వంద భారతీయ వాద్యాల సముదాయమది. అంతకు ముందు కూడా యూరపు సంపన్నుల ఇళ్ళలో, విద్యాసంస్థల బీరువాల్లో భారతీయ వాద్యాలు లేకపోలేదు. అయితే అవి చాలావరకు సైనికాధికారులు, వర్తకులు, మిషనరీలు వింత వస్తువులుగా తీసుకుపోయినవి. తన దేశపు వాద్యాలను ఒక భారతీయుడే ఎంచి, వాటికి శాస్త్రీయ నామాలిచ్చి, వాటి గురించి తానే గ్రంథాలు రాసి, ఆ జ్ఞానంతో సహా అందించడం అరుదైన సంగతి. ఆ కానుకలో కర్ర, తోలు, ఇత్తడి, సొరబుర్రలతోపాటు వాద్యాలను నాలుగుగా వర్గీకరించే ఒక ప్రాచీన పద్ధతి కూడా యూరపు విద్వాంసుల ముందుకు వచ్చింది. నేడు ప్రపంచంలోని అత్యధిక మ్యూజియాలు వాద్యాలకు సంఖ్యలిచ్చే విధానానికి అస్థిపంజరంగా నిలిచినది ఆ చతుర్విధ విభాగమే కనుక, ఈ సేకరణ చరిత్ర వస్తువుల చరిత్ర కంటె ఒక ఆలోచన చరిత్రగా చదవదగినది.

శౌరీంద్రమోహనుడు పాథురియాఘాటా ఠాకూర్ల శాఖకు చెందినవాడు. రవీంద్రనాథ్ ఠాకూర్ పుట్టిన జొరాసాంకో శాఖకు ఇది జ్ఞాతి కుటుంబం. అన్న జతీంద్రమోహనుడు నాటకాలనూ సంగీతాన్నీ పోషించిన ప్రభువు. ఆ ఇంటి ఆస్థాన విద్వాంసుడు క్షేత్రమోహన్ గోస్వామి శిష్యరికంలో శౌరీంద్రమోహనుడు హిందుస్థానీ సంగీతం నేర్చాడు, సంస్కృత లక్షణ గ్రంథాలు చదివాడు, పాశ్చాత్య సంగీతంతోనూ పరిచయం సంపాదించాడు. 1871లో బెంగాల్ సంగీత పాఠశాలను, 1881లో బెంగాల్ సంగీత అకాడమీని స్థాపించాడు. 1872లో సితారు బోధనకు ఉపకరించే ‘యంత్రక్షేత్ర దీపిక’నూ, 1875లో వాద్యాల నిఘంటువు వంటి ‘యంత్రకోశ’నూ వెలువరించాడు. ఇక్కడ యంత్రమంటే వాద్యమే. సంస్కృతంలోనూ బెంగాలీలోనూ ఆ వాడుక ఉంది.

ఆయన దానాల వెనుక ఉన్న ఉద్దేశాన్ని ఒక్క మాటతో తేల్చడం న్యాయం కాదు. ‘విక్టోరియా గీతిక’ వంటి రాజభక్తి రచనలు చేసినవాడు, వాద్యాలు పంపి అనేక దేశాల ప్రభువుల నుంచి పతకాలూ బిరుదులూ అందుకున్నవాడు కనుక ఆయనను కీర్తికాముకుడిగా చూసిన విమర్శకులున్నారు. అయితే 1874 నాటి ఒక వివాదం మరో పార్శ్వాన్ని చూపుతుంది. బెంగాలులో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న వృక్షశాస్త్రవేత్త చార్లెస్ బారన్ క్లార్క్, బెంగాలీ విద్వాంసులు రూపొందించుకున్న స్వరలేఖన పద్ధతిని ‘కలకత్తా రివ్యూ’ పత్రికలో విమర్శించి, ఐదు గీతల పాశ్చాత్య స్వరలేఖనమే మేలని వాదించాడు. శౌరీంద్రమోహనుడు దానికి అచ్చులోనే సమాధానమిచ్చాడు: ప్రతి జాతి సంగీతానికీ దాని స్వభావానికి తగిన లిపి ఉంటుందనీ, భారతీయ సంగీతానికి శాస్త్రం ఉందనీ ఆయన వాదం. సరిగ్గా ఆ తర్వాతి సంవత్సరాల్లోనే ఆయన వాద్యాలు ఖండాంతరాలకు వెళ్ళడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. వాదంలో చెప్పినదానికి కళ్ళెదుట నిలిచే సాక్ష్యంగా ఆయన ఆ వాద్యాలను నిలబెట్టదలచాడు. బ్రస్సెల్స్ తర్వాత పారిస్, లండన్ సంగీత కళాశాలలకూ ఆయన వాద్యాలు చేరాయి.

సాక్ష్యం కాబట్టే దానికి ఒక దిద్దుబాటు కూడా జరిగింది. సితారును త్రితంత్రీ వీణ అనీ, తాబేటి వీపులా చదునైన బుర్ర గల సితారును కచ్ఛపీ వీణ అనీ, సరోదును శారదీయ వీణ అనీ ఆయన గ్రంథాలు పేర్కొంటాయి. పారశీక, మధ్యాసియా సంబంధాలతో, ముస్లిం ఉస్తాదుల ఇళ్ళలో పెరిగి పెద్దవైన వాద్యాలకు సంస్కృత నామాలివ్వడం ద్వారా వాటన్నిటికీ ప్రాచీన హైందవ వంశవృక్షం కల్పించడం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. 19వ శతాబ్ది బెంగాలు జాతీయ భావన నేపథ్యంలో దీన్ని అర్థం చేసుకోవచ్చుగాని, చరిత్రగా అంగీకరించలేము. సరోదు శరీరంలో అఫ్ఘన్ రబాబు పోలిక చెరగనిది. ‘యంత్రకోశ’లో వాద్యాలను వాడుక స్థలాన్ని బట్టి విడదీసిన తీరు కూడా గమనించదగినదే. సభల్లో వినిపించేవి సభ్యాలు, ఆరుబయట మోగేవి బహిర్ద్వారికాలు, పల్లెవాసులవి గ్రామ్యాలు, యుద్ధానికి చెందినవి సామరికాలు, శుభకార్యాలకు చెందినవి మాంగల్యాలు. బెంగాలీ పైవర్గమైన భద్రలోకానికి చెందిన ఒక జమీందారు తన కాలపు సమాజాన్ని ఎలా చూశాడో ఆ అయిదు అరలు దాచకుండా చెబుతున్నాయి. తెలుగు, తమిళ, కన్నడ దేశాల వాద్యాలు చాలావరకు ఆయన దృష్టికి దూరంగానే మిగిలిపోయాయి. దక్షిణాది వాద్యాల గురించి ఆ శతాబ్దిలో వచ్చిన విపుల గ్రంథం 1891లో కెప్టెన్ చార్లెస్ రస్సెల్ డే రాసినది.

ఆయన విదేశాలకు పరిచయం చేసిన వాద్యాల్లో నాటి యూరపు పండితులను అమితంగా ఆశ్చర్యపరచినది న్యాసతరంగం. ఇది రెండు చిన్న ఇత్తడి బూరల జత. దూరం నుంచి చూస్తే సన్నాయి తోబుట్టువులా ఉంటుందిగాని, దీన్ని నోటితో ఊదరు. బూర సన్నని కొసలో గిన్నెలాంటి చిన్న గుంట, ఆ గుంటలో సన్నని రంధ్రం, దాని మీద సాలెపురుగు గుడ్ల తిత్తి నుంచి తీసిన పలుచని పొర ఉంటాయి. వాద్యకారుడు రెండు బూరలనూ కంఠానికి ఇరువైపులా, స్వరతంత్రులున్న చోట చర్మానికి ఆనించి, పెదవులు మూసి లోలోపల కూనిరాగం తీస్తే, గొంతు చర్మపు కంపనం ఆ పొరను కదిలించి, తుమ్మెద ఝంకారం కలసిన నాదంగా బయటికి వస్తుంది. శౌరీంద్రమోహనుని బృందంలోని కాళీప్రసన్న బందోపాధ్యాయ దీన్ని వాయించడంలో ప్రసిద్ధుడు. చూపుకు ఊదే వాద్యం, పనితీరులో చర్మవాద్యం, నాదానికి ఆధారం మనిషి గొంతు. ఇటువంటి వాద్యాన్ని ఏ అరలో పెట్టాలన్న ప్రశ్న కేవలం పండితుల కాలక్షేపం కాదు. మ్యూజియంలో దాన్ని భద్రపరచేవాడు ప్రతిదినం ఎదుర్కొనే ప్రశ్న.

బ్రస్సెల్స్‌లో ఆ ప్రశ్నను ఎదుర్కొన్న తొలి వ్యక్తి విక్టర్ చార్లెస్ మహియోన్ (1841–1924). ఆయన తండ్రి బ్రస్సెల్స్‌లో పేరుపొందిన గాలివాద్యాల తయారీదారు. కొడుకు కర్మాగారంలో పెరిగి, ధ్వనిశాస్త్రం చదివి, 1874లో సంగీత ధ్వనిశాస్త్ర మూలసూత్రాల మీద పుస్తకం ప్రచురించాడు. కొత్త మ్యూజియానికి ఆయనే తొలి సంరక్షకుడయ్యాడు; మరణించేదాకా ఆ బాధ్యతలోనే ఉండి, సేకరణను మూడు వేలకు పైగా వస్తువులకు పెంచాడు. దెబ్బతిన్న వాద్యాలను బాగుచేయడానికీ, ఇతర మ్యూజియాల్లో ఉన్న అరుదైనవాటికి నకళ్ళు చేయించడానికీ ఒక పనిశాల కూడా నడిపాడు. చేతిపని తెలిసినవాడు కావడం వల్ల, ఒక వాద్యం ఎలా కనిపిస్తుందన్నదాని కంటె దానిలో ఏది కంపించి నాదమిస్తుందన్నదే ఆయనకు ముఖ్యమయింది.

అప్పటికి యూరపులో స్థిరపడిన విభాగం మూడు తరగతులది: తీగవాద్యాలు, గాలివాద్యాలు, కొట్టే వాద్యాలు. వాద్యబృందంలో కళాకారులు కూర్చునే వరుసకు ఇది చాలు. ఒక మ్యూజియానికి మాత్రం చాలదు. మొదటి రెండు తరగతులు కంపించే వస్తువును బట్టి ఏర్పడితే, మూడోది వాయించే చర్యను బట్టి ఏర్పడింది. అంటే పట్టికలో ఒక భాగానికి ఒక కొలమానం, మిగిలిన భాగానికి మరొకటి. ఆ మూడో తరగతిలో మృదంగమూ తాళాలూ ఒకే చోట పడతాయి. ఒకదానిలో బిగించిన తోలు మోగుతుంది, మరొకదానిలో లోహమే మోగుతుంది. ఒకదాన్ని శ్రుతి చేయవచ్చు, మరొకదాన్ని పోత పోసినప్పుడే శ్రుతి నిర్ణయమైపోతుంది. కొట్టకుండా ఊపి మోగించే గజ్జెలకూ, ఒరిపిడితో పలికే గాజుపాత్రలకూ అందులో చోటే కష్టం. చైనావారి ప్రాచీన విభాగం వేరే తోవ తొక్కింది. లోహం, రాయి, పట్టు, వెదురు, సొరబుర్ర, మట్టి, తోలు, కర్ర అంటూ వాద్యం తయారైన పదార్థాన్ని బట్టి ఎనిమిది నాదాలు చెప్పింది. విశ్వం గురించిన వారి తాత్త్విక భావనలతో ముడిపడిన ఆ విభాగానికి దాని అందం దానికుందిగాని, వెదురు గొట్టాన్ని ఊదినా, దాని మీద తీగ బిగించి మీటినా ఆ రెంటి తేడా అందులో తెలియదు.

భరతుని నాట్యశాస్త్రం 28వ అధ్యాయం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగుగా చెబుతుంది. తతం అంటే సాగదీసి బిగించినది, అంటే తంత్రి. అవనద్ధం అంటే తోలుతో మూసి కట్టినది. ఘనం అంటే గట్టిది, తాళం లాంటిది. సుషిరం అంటే రంధ్రం గలది, వేణువు లాంటిది. క్రీస్తు శకారంభానికి కొంచెం అటూ ఇటూగా రూపుదిద్దుకున్న ఈ గ్రంథం మ్యూజియం అవసరాల కోసం ఆ విభాగం చేయలేదు. రంగస్థలంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, గాయకుడికి తోడుగా ఏ వాద్యాలుండాలి, నాటకానికి ముందు సాగే పూర్వరంగంలో ఏది ముందు మోగాలి అన్నవి భరతుని ప్రశ్నలు; వాద్యబృందాన్ని ఆయన కుతపమంటాడు. అయినా ఆ నాలుగూ ఒకే సూత్రం మీద నిలిచాయి. నాదం పుట్టే చోట కంపించేది తంత్రా, తోలా, వాద్య శరీరమా, గాలా అన్నదే ఆ సూత్రం.

శ్రవణ పరిశీలన మీద ఆ సంప్రదాయానికి ఎంత శ్రద్ధ ఉండేదో నాట్యశాస్త్రంలోనే ఒక ఐతిహ్యం తెలుపుతుంది. స్వాతి అనే ముని నీటి కోసం ఒక సరస్సుకు వెళ్ళినప్పుడు వాన కురిసిందట. పెద్దవి, నడిమివి, చిన్నవి అయిన తామరాకుల మీద చినుకులు పడి వేర్వేరు స్థాయిల్లో ధ్వనించగా, ఆ తేడాలను మనసులో ఉంచుకొని ఆశ్రమానికి వచ్చి, విశ్వకర్మ సాయంతో పుష్కరాలనే మద్దెలలు చేయించాడని ఆ కథ. మూతి వైశాల్యం మారితే శ్రుతి మారుతుందన్న ధ్వనిశాస్త్ర సత్యం ఆ వానకథలో ఇమిడి ఉంది.

ఈ చతుర్విధ విభాగం తర్వాతి లక్షణకారులకు కంఠస్థమైన పాఠమయింది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో ఆరో అధ్యాయం పూర్తిగా వాద్యాలకే కేటాయించబడింది. తెలుగునేలకూ ఈ శాస్త్ర పరంపరలో గట్టి స్థానముంది. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని నృత్తరత్నావళితోపాటు గీతరత్నావళి, వాద్యరత్నావళి కూడా రచించినట్లు తెలుస్తోందిగాని, మొదటిది మాత్రమే మనకు దక్కింది. వాద్యరత్నావళి దొరికి ఉంటే కాకతీయుల కాలపు పేరిణి నృత్యపు మద్దెలల గురించీ, కాహళాలనే బూరల గురించీ ఎంత తెలిసేదో ఊహించుకోవలసిందే. రాచకొండ రేచర్ల ప్రభువు సింగభూపాలుడు సంగీతరత్నాకరానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్య రాశాడు. ఆ శాస్త్రాన్నే శౌరీంద్రమోహనుడు 19వ శతాబ్దిలో ఆధునిక పాఠకులకు అందించాడు.

మహియోన్ తన మ్యూజియం పట్టిక తొలి సంపుటాన్ని 1880లో ప్రకటించినప్పుడు, దానికి ముందు ప్రపంచ వాద్యాలన్నిటికీ వర్తించే వర్గీకరణ ప్రయత్నాన్ని చేర్చాడు. తమంత తాము మోగేవి, పొరలు గలవి, గాలివి, తీగలవి అని ఆయన చేసిన నాలుగు తరగతులు ఘన, అవనద్ధ, సుషిర, తతాలతో ఒకదానికొకటి సరిపోతాయి. కలకత్తా వాద్యాలు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. వాటి వెంట ఉన్న వివరాలు ఆయన పట్టికకు ఆధారాలయ్యాయి. ఈ పోలిక భారతీయ ప్రభావం వల్లనే ఏర్పడిందని సంగీత చరిత్రకారుల్లో ఎక్కువమంది భావిస్తారు. ధ్వనిశాస్త్రం తెలిసిన మహియోన్ స్వతంత్రంగానూ ఆ దిశగా నడచి ఉండవచ్చు. అయితే తాను వెదుకుతున్న సూత్రం మీద ఒక దేశం వందల ఏళ్ళుగా ఆలోచిస్తూ వచ్చిందని ఆయనకు ఎదురుగా ఉన్న సేకరణే చెప్పింది. భరతుడు నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటే, మహియోన్ వాటి కింద శాఖలు, విభాగాలు, ఉపవిభాగాలు కల్పించాడన్నది కూడా అంతే నిజం. ఆ శ్రమ ఆయనది.

బెర్లిన్‌లో ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్, కర్ట్ జాక్స్ అనే ఇద్దరు పండితులు 1914లో ప్రచురించిన వ్యాసం ఈ కట్టడాన్ని ప్రపంచ ప్రమాణంగా మార్చింది. మహియోన్ పద్ధతి యూరపు వాద్యాలకు అతిగా ప్రాధాన్యమిచ్చిందని విమర్శిస్తూనే, దాని పునాది సరైనదని వారు ఒప్పుకున్నారు. గ్రంథాలయాల్లో పుస్తకాలకు దశాంశ సంఖ్యలిచ్చే డ్యూయీ పద్ధతిని తీసుకొని, ఘనవాద్యాలకు 1, చర్మవాద్యాలకు 2, తంత్రీవాద్యాలకు 3, సుషిరాలకు 4 కేటాయించి, ప్రతి అంకె తర్వాత వచ్చే అంకె మరింత సూక్ష్మమైన భేదాన్ని తెలిపేలా అమర్చారు. విద్యుత్తుతో నాదమిచ్చే వాద్యాల కోసం అయిదో తరగతిని జాక్స్ 1940లో చేర్చాడు. జాక్స్‌కు భారతీయ వాద్యాలతో సన్నిహిత పరిచయముంది. భారత, ఇండోనేషియా వాద్యాల మీద ప్రత్యేక గ్రంథమే రాశాడు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఇద్దరూ పదవులు కోల్పోయి దేశం విడవవలసి వచ్చింది. హార్న్‌బోస్టెల్ 1935లో కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు, జాక్స్ పారిస్ మీదుగా న్యూయార్క్ చేరి అక్కడే తన ప్రధాన రచనలు పూర్తిచేశాడు. వారు వదలి వెళ్ళిన సంఖ్యలు మాత్రం అన్ని దేశాల మ్యూజియం చీటీల మీద నిలిచిపోయాయి.

ఆ సంఖ్యలు పొడిగా కనిపించినా, వాటిలో కొన్ని తెలుగువారికి దగ్గరి సంగతులు చెబుతాయి. తంజావూరు వీణా, బొబ్బిలి వీణా ఈ పట్టికలో 321.321 కిందికి వస్తాయి. నాదపాత్రగా ఒక కుండ, దానికి అతుకుగానో ఏకాండంగానో దండి ఉండి, తీగలు కుండ ముఖానికి సమాంతరంగా సాగే జాతి అది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనస దుంగను తొలిచి కుండనూ దండినీ కలిపి చేసే ఏకాండి వీణలు ఈ జాతికి అందమైన ఉదాహరణలు. హిందుస్థానీ రుద్రవీణ సంఖ్య మాత్రం 311.222. దానిలో కుండ లేదు. ఒక దండం, దాని కింద వేలాడే రెండు పెద్ద బుర్రలు, దండం మీద మెట్లు. బుర్రలు ఊడదీసినా తీగ దండం మీద బిగిసే ఉంటుంది కాబట్టి నిర్మాణ రీత్యా ఇది వేరే జాతి. తెలంగాణలో డక్కలివారు పండుగ సాయన్న వంటి వీరుల కథలు చెబుతూ మీటే పన్నెండు మెట్ల కిన్నెర సరిగ్గా ఈ రెండో జాతిదే. వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరబుర్రలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. పాదుషాల కొలువుల్లో మోగిన రుద్రవీణకూ, ఊరి చివర భిక్షాటన చేసే కులం చేతిలోని కిన్నెరకూ ఒకే కుదురు. శార్ఙ్గదేవుడు లఘు కిన్నరి, బృహత్ కిన్నరి అని మెట్లున్న వీణలను వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు, పండితారాధ్య చరిత్రలో వాద్యాల పట్టికలిచ్చాడు. శౌరీంద్రమోహనుని సభ్య, గ్రామ్య విభాగం రుద్రవీణనూ కిన్నెరనూ వేర్వేరు అరల్లో ఉంచేది. కంపించేదేదన్న పాత సూత్రం వాటిని పక్కపక్కన నిలిపింది. సామాజిక హోదాకు లొంగని వర్గీకరణ వల్ల కలిగే మేలు ఇది. కిన్నెర చరిత్రను రుద్రవీణ చరిత్రతో కలిపి రాయవలసి ఉందన్న సంగతి ఆ సంఖ్య చూసినవారికెవరికైనా తట్టక మానదు.

మూడో జాతి ఇంకొకటుంది. దాని వస్తువేదీ ఏ మ్యూజియానికీ చేరలేదు. భరతుడు విపంచి, చిత్ర అని చెప్పిన ప్రాచీన వీణలు నేటి వీణల వంటివి కావని, విల్లులా వంగిన దండానికి ఒక్కో స్వరానికి ఒక్కో తీగ చొప్పున కట్టిన వాద్యాలని పరిశోధకులు నిర్ధారించారు. అమరావతి స్తూపపు శిల్పాల్లో, నాగార్జునకొండ శిల్పాల్లో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి: ఒడిలో తోలు కప్పిన దోనె వంటి నాదపాత్ర, అందులో నుంచి పైకి వంగిన కొమ్మ, మధ్యన వరుసగా తీగలు. సుమారు మొదటి సహస్రాబ్ది చివరికల్లా ఈ విల్లువీణ మన దేశం నుంచి దాదాపుగా మాయమైంది. బర్మాలో ‘సౌంగ్’ పేరుతో దాని సంతతి ఇంకా మోగుతోంది. కర్ర పుచ్చిపోయే, తోలు చివికిపోయే, చెదలు విడవని మన వాతావరణంలో రెండు వేల ఏళ్ళ కిందటి వాద్యం నిలవదు. అందుచేత వాద్యాల చరిత్రకు తెలుగుదేశంలో అతి ప్రాచీనమైన వాద్యశాల కృష్ణాతీరపు సున్నపురాతి పలకలే. వాటిలో ఒక భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, మరో భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ శిల్పి చెక్కిన వేళ్ళ అమరిక చూసి, ఎన్ని తీగలు, ఏ చేతితో మీటేవారు అని తేల్చుకోవలసి వస్తుంది.

బ్రస్సెల్స్ సేకరణకు ఈ ఇబ్బంది లేదు; వస్తువులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1899లో పాల్ సాంత్‌నువా నిర్మించిన ‘ఓల్డ్ ఇంగ్లండ్’ అనే ఇనుము, గాజుల పాత దుకాణ భవనంలోకి ఆ మ్యూజియం 2000లో మారింది. అయితే అక్కడి కలకత్తా వాద్యాలకున్న లోటు వేరు. అవి చాలామటుకు ఏ విద్వాంసుడి ఒడిలోనూ అరిగినవి కావు. చూపించడానికి, నమూనాలుగా పంపడానికి సమకూర్చినవి. వాయించిన వీణ మెట్ల మీద తీగ రాపిడికి గాళ్ళు పడతాయి, దండి మీద బొటనవేలు నిలిచే చోట మెరుగు పోతుంది, మద్దెల తోలు మీది నల్లపూత అయిన కరణి పొరలు పొరలుగా మారుతూ వస్తుంది. నమూనా వాద్యంలో ఆ ఆనవాళ్ళుండవు. వాటిని పంపిన ప్రభువు పేరు ప్రతి చీటీ మీదా ఉంది. బుర్ర కోసినవాడి, తీగ ఆనే వంతెన మీద జవారి దిద్దినవాడి, తోలు మూసినవాడి పేర్లు లేవు. వాద్యం తయారీ గురుశిష్య పరంపరగా, ఎక్కువగా రాతకు బయట సాగిన విద్య కనుక, ఆ పేర్లతోపాటు ఏ నెలలో నరికిన కర్ర, ఎన్నేళ్ళు ఎండబెట్టినది, మైనంలో ఏది కలిపారు అన్న జ్ఞానం కూడా అందకుండా పోయింది. ఒక సేకరణ నిజంగా సంపన్నమైనదా కాదా అని నిర్ణయించవలసింది ఇటువంటి వివరాలతోనే తప్ప వస్తువుల సంఖ్యతో కాదు.

ఇక నాలుగు తరగతుల గట్లు తెంచే వాద్యాలు కొన్నున్నాయి. బెంగాలులో బావుల్ గాయకులు వాయించే గోపీయంత్రం, ఆనందలహరి అటువంటివి. తెలుగునాట వీటి జ్ఞాతి జమిడిక. తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు, ఉత్తరాంధ్రలో జముకుల కథలో ఇదే ప్రధాన వాద్యం. డొల్లగా ఉన్న చిన్న పీపాకు ఒక వైపు తోలు మూస్తారు. ఆ తోలు నడుమ రంధ్రం చేసి నరపు తీగను దూర్చి, లోపలి నుంచి మరో వైపుకు లాగి, దాని కొసను ఒక పుల్లకు కడతారు. పీపాను ఎడమ చంకలో ఇరికించుకొని, ఆ చేత్తోనే పుల్లను లాగి పట్టి, కుడిచేత్తో తీగను మీటుతారు. బిగువు పెంచితే నాదం పైకి ఎగుస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. కథకుడి గొంతు విసిరే ప్రశ్నకు జమిడిక మాటలాడినట్లు బదులిస్తుంది. మీటేది తీగను కనుక ఇది తతమా, మోగేది తోలు కనుక అవనద్ధమా? హార్న్‌బోస్టెల్, జాక్స్ గోపీయంత్రాన్నీ ఆనందలహరినీ ఉదాహరిస్తూ వీటికోసం చర్మవాద్యాల కింద ‘మీటే మద్దెలలు’ అని 22వ సంఖ్యతో ప్రత్యేక విభాగం తెరిచారు. తీగ కంపనాన్ని తోలు అందుకొని నాదంగా మారుస్తుందన్నది వారి తర్కం. ఇంగ్లండుకు చెందిన పండితుడు లారెన్స్ పికెన్ 1981లో దీనిని ప్రత్యేకంగా పరీక్షించి, శ్రుతిని నిర్ణయించేది తీగ బిగువేననీ, తోలు వీణ కుండ లాగా నాదాన్ని పెంచి పంపేది మాత్రమేననీ, కాబట్టి ఇవి తంత్రీవాద్యాలేననీ వాదించాడు. జమిడిక వినినవారికి పికెన్ వాదమే సమంజసంగా తోస్తుంది. పుల్ల పట్టిన ఎడమచేయి కదలికతోనే స్వరం మారుతుంది తప్ప, తోలు మీద దెబ్బతో కాదు. జమిడికను తతంగా లెక్కిస్తే, బైండ్ల కథకుడు వీణకూ కిన్నెరకూ వరుసైన వాద్యాన్ని చంకలో పెట్టుకొని ఎల్లమ్మ కథ చెబుతున్నాడని అర్థం.